పైన పొడి, అడుగున తడి

జనగామ మార్కెట్ యార్డులో వ్యాపారి ధాన్యం రాశిని పైపైన చూసి ధర చెప్పడు. చెయ్యి లోపలికి పెట్టి అడుగు గింజ తీసి కొరికి చూస్తాడు. ఇంత జాగ్రత్త ఎరిగిన మనవాళ్లే పాత కారు కొనేటప్పుడు మాత్రం రంగు మెరుపుకు లొంగిపోతున్నారు.

ఆ మధ్య జుమా నమాజు అయ్యాక మసీదు ముందు విదేశీ కంపెనీ వారి పెద్ద సెడాన్ ఒకటి ఆగి ఉంది. మాకు తెలిసిన కుటుంబమే. గల్ఫ్ నుంచి వచ్చిన కొడుకు చెల్లెలి నిఖా ముందుందని కొన్నాడట. చిన్న కొత్త కారు ధరకే వచ్చిందని తండ్రి మురిసిపోతున్నారు. మేమూ మాషా అల్లాహ్ అన్నాం. లోపల కూర్చుంటే అత్తరు వాసన చాటున మరో వాసన తగిలింది. వానకు తడిసి ఆరని జంపఖానా వాసన. ఆ సంతోషంలో నోరు మెదపలేకపోయాం. అది మా పొరపాటే.

2020 అక్టోబరులో హైదరాబాద్‌ను వరద ముంచినప్పుడు ఎన్నో కార్లు నీటిపాలయ్యాయి. మన వైపూ తక్కువేం కాదు. 2023 జులైలో భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి వాగు నీట మునిగింది. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కంకరే కొట్టుకుపోయింది. మునిగిన కారు మరమ్మతు ఖర్చు బీమా విలువలో నూటికి 75 దాటితే బీమా సంస్థ దాన్ని పూర్తి నష్టం కింద లెక్కగడుతుంది. బండి తుక్కు ధరకు పోతుంది. తుక్కుగా కొన్న ప్రతి బండీ తుక్కుగానే ఉండిపోదు. కడిగి, ఆరబెట్టి, కొత్త సీటు కవర్లు తొడిగితే మళ్లీ పెళ్లికూతురే!

ఖరీదైన సెడాన్లకు ఈ బెడద ఎక్కువ. ఇంజనుకు, బ్రేకులకు, ఎయిర్‌బ్యాగులకు సంబంధించిన ఎలక్ట్రానిక్ పెట్టెలు కొన్ని సీట్ల కింద, కాళ్ల దగ్గరి కార్పెట్ కింద, డిక్కీ అడుగున ఉంటాయి. నీళ్లు తగిలిన వైరు ఆ రోజే చెడిపోదు. నెలల తరబడి తుప్పు పట్టి, అవసరమైన నాడు ఎయిర్‌బ్యాగు తెరుచుకోకుండా చేయవచ్చు. అప్పుడు పోయేది డబ్బు ఒక్కటే కాదు. పైగా బండి పాతబడితే దాని ధర పడిపోతుంది గాని విడిభాగాల ధర పడిపోదు. మానుకోట మెకానిక్ ఎంత పనిమంతుడైనా ఆ కంపెనీ కంప్యూటర్ ఆయన దగ్గర ఉండటం అరుదు. బండిని హైదరాబాద్ దాకా మోసుకుపోవాలి.

కొనేవారు సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి, బురద చార అక్కడ దాక్కుంటుంది. స్టెప్నీ తీసి అడుగు తడమాలి. సర్వీసు రికార్డు, పాత బీమా క్లెయిముల వివరం అడగాలి. అడిగితే మొహమాటమనుకుంటారు మనవాళ్లు!

అమ్మేవారి బాధ్యత ఇంకా పెద్దది. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెడితే వేళ్లకు తడి తగిలిందని, వానకు తడిసిందని వర్తకుడు చెబితే, ఆ తడిసిన భాగాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారని హదీసు గ్రంథాల్లో ఉంది. అడగలేదు కనుక చెప్పలేదనే సాకు అక్కడ చెల్లలేదు. ఇక్కడా చెల్లదనే మా అభిప్రాయం.

కాగితాల సంగతీ అంతే. ‘మనవాడే కదా’ అని పేరు మార్పించరు. రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా అధికారికి తెలపాలి. ఫారం 29, 30 అందుకే. ఫైనాన్సు ఉంటే ఫారం 35 కూడా కావాలి. బండి అమ్మేసినా రిజిస్ట్రేషన్ ఎవరి పేర ఉంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

మరుసటి వారం మేము ఆ తండ్రి దగ్గరకు వెళ్లి, “భాయ్‌సాబ్, ఒకసారి బెల్టు లాగి చూద్దాం” అన్నాం. చివర జానెడు మేర బురద చార. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కొడుకు మాత్రం, భూపాలపల్లిలో అడిగేవారున్నారు, చెప్పకుండా అమ్మేద్దామన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. భూపాలపల్లి వారికి ఫోను చేసి, బెల్టు చివరిదాకా లాగి చూసుకోమని తానే చెప్పారు. వారు లక్షన్నర తగ్గించి అడిగారు. బేరం ఇంకా తెగలేదు.