మరుపు ఎక్కడ మొదలవుతుంది?

తుగ్గలి నుండి ఒక సోదరి రాశారు. డెబ్భై రెండేళ్ళ ఆమె అత్తగారు జొహర్ నమాజు చేసిన అరగంటకే మళ్ళీ వుజూకు నీళ్ళడుగుతున్నారు. కడుపునిండా తిని కూడా, కోడలు అన్నం పెట్టలేదని పొరుగింట చెబుతున్నారు. బంధువులలో కొందరు ఇది నటన అంటున్నారు, మరికొందరు గాలి సోకిందని తాయెత్తు కట్టించమంటున్నారు. ఇది జబ్బేనా? జబ్బే అయితే నమాజు సంగతేమిటి? ఇవీ ఆ సోదరి ప్రశ్నలు.

ఉత్తరం చూసి జబ్బు పేరు నిర్ణయించరాదు. అయితే పాత సంగతులు నిలిచి, ఇప్పుడే జరిగినది నిలవకపోవడం అల్జీమర్స్ వ్యాధిలో తరచు కనిపించే లక్షణం. ఆమె ఇల్లు ఒంటరిదేమీ కాదు. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై ఏళ్ళు పైబడినవారిలో 7.4 శాతం, అనగా సుమారు 88 లక్షల మంది, డిమెన్షియాతో జీవిస్తున్నారు.

మెదడు బరువు శరీరం బరువులో రెండు శాతమే. కానీ శరీరం వాడుకునే శక్తిలో ఇంచుమించు ఇరవై శాతం దానికే కావాలి. ఆ శక్తిని తయారుచేసేవి దాదాపు ప్రతి కణంలోనూ ఉండే మైటోకాండ్రియా. ఒక నాడీకణం మరొక దానికి కబురు అందించే సంధిస్థలం సినాప్స్. ఇది కణదేహానికి చాలా దూరాన, పొడవైన తంతువు కొసన ఉంటుంది. మైటోకాండ్రియా అంత దూరం ప్రయాణించి అక్కడికి శక్తినందించాలి. తుంగభద్ర దిగువ కాలువ కింద సేద్యం చేసే ఆదోని, ఎమ్మిగనూరు రైతులకు దీనిని వివరించనక్కరలేదు. కాలువలో నీరు తగ్గితే ముందుగా ఎండేది చివరి పొలమే.

అల్జీమర్స్ రోగుల మతిమరుపు తీవ్రతకు అన్నిటికన్నా దగ్గరగా సరిపోలేది సినాప్స్‌ల నష్టమేనని 1991లో రాబర్ట్ టెర్రీ బృందం చూపింది. ఆ నష్టానికీ మైటోకాండ్రియా లోపానికీ గల సంబంధాన్ని పి. హేమచంద్రారెడ్డి, ఫ్లింట్ బీల్ 2008లో ఒక సమీక్షా వ్యాసంలో చర్చించారు. మైటోకాండ్రియా నిరంతరం విడిపోతూ, కలుస్తూ ఉంటాయి. విడదీసే పని డీఆర్‌పీ1 అనే ప్రోటీనుది. అమిలాయిడ్ బీటా అనే పదార్థం ఈ ప్రోటీనుతో జతపడుతున్నదని, విడిపోవడం మితిమీరి మైటోకాండ్రియా తునకలవుతున్నాయని హేమచంద్రారెడ్డి బృందం 2011లో తెలిపింది. తునకలైనవి చాలినంత శక్తినివ్వలేవు. ఇది వ్యాధికి మూలమా, లేక ఫలితమా అన్న వాదం శాస్త్రవేత్తలలో ఇంకా తెగలేదు. మైటోకాండ్రియాను బాగుచేసి ఈ వ్యాధిని నయం చేసే మందు మనుషులలో ఇంతవరకు రుజువు కాలేదు. కనుక ‘జ్ఞాపకశక్తి టానిక్కుల’ మీద డబ్బు పోయకండి. డోనెపెజిల్ వంటి మందులు కొందరిలో లక్షణాలను కొంతకాలం తేలికపరుస్తాయి, అంతే.

మన ఇళ్ళకు సంబంధించిన మరొక విషయం చెప్పాలి. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడినట్లు తేలింది. చదువురానివారిలోనూ తేడా కనిపించింది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మన పెద్దలకు ఇది తెలియకుండానే దక్కిన మేలు కావచ్చు. (పిల్లలతో ఇంట్లో ఇంగ్లీషు తప్ప మరే భాషా మాట్లాడనివారు ఒకసారి ఆలోచించాలి.) అయితే ఇది ఆలస్యమే గాని రక్ష కాదు.

ఇక నమాజు. తెలిసినదంతా తెలియకుండా పోయే వృద్ధాప్యాన్ని గురించి అన్‌నహ్ల్ సూరా డెబ్భయ్యో ఆయతు చెబుతున్నది. బుద్ధి స్వాధీనంలో లేని స్థితిలో ఫర్జ్ భారం ఉండదన్నది ధర్మవేత్తల ఏకాభిప్రాయం. మీ అత్తగారు ఆ స్థితికి చేరారో లేదో స్థానిక ఆలిమును అడగండి. మళ్ళీ నీళ్ళడిగితే వాదించకండి, నీళ్ళివ్వండి. “తిన్నావుగా!” అని గద్దించడం వల్ల ఆ జ్ఞాపకం తిరిగి రాదు, భయం మాత్రం మిగులుతుంది. తినలేదంటే ఒక అరటిపండు చేతిలో పెట్టండి. పొరుగువారికి విషయం మీరే ముందుగా చెప్పండి. అప్పుడు నింద మీ మీద నిలవదు.

తాయెత్తు కన్నా ముందు కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చూపించండి. థైరాయిడ్ లోపం, బీ12 కొరత, మనోవ్యాకులత కూడా ఇలాంటి మరుపునే తెస్తాయి, వాటికి చికిత్స ఉన్నది. చెవుడు, రక్తపోటు, మధుమేహం కూడా పరీక్ష చేయించండి. ఇప్పుడు వాడుతున్న మందులన్నిటినీ ఒక సంచిలో వెంట తీసుకువెళ్ళండి. వృద్ధుల సహాయవాణి నంబరు 14567.