భోగిమంటలో వేసే ముందు ఒక్కసారి చదవండి

పిల్లలూ! మా సోమలలోనే కాదు, మీ ఊళ్లోనూ పాత మిద్దెలు పడగొట్టి కొత్త ఇళ్లు కట్టడం చూస్తూనే ఉంటారు. అటక దింపేటప్పుడు ఏ దూలం సందులోనో, రేకు పెట్టెలోనో గుడ్డలో చుట్టిన కాగితాల మూట ఒకటి బయటపడుతుంది. దుమ్ము దులిపితే విక్టోరియా రాణి బొమ్మ ఉన్న స్టాంపు కాగితం కనిపించవచ్చు. ఆమె 1837 నుండి 1901 వరకు ఏలింది. ఆ మూటను మనవాళ్లు ఏం చేస్తారు? పాత కాగితాలవాడికి తూకానికి వేస్తారు, లేదా భోగిమంటలో పడేస్తారు. ఇది పెద్ద పొరపాటని నా అభిప్రాయం.

ఆ మూటలో ఏముంటాయి? 1858లో మద్రాసు రాజధానిలో ఏర్పడిన ఇనాం కమిషన్ ఇచ్చిన పట్టాలు ఉండవచ్చు. అప్పు పత్రాలు, ఉత్తరాలు, ధాన్యం ధరలు రాసుకున్న చిట్టాలు ఉండవచ్చు. కరణాల పదవులు 1984లో రద్దయ్యాయి గాని, వారి తాతల చేతిరాతలు కొన్ని ఇళ్లలో ఇంకా ఉండే ఉంటాయి.

"అవి చరిత్ర మాస్టారుకు కావాలి, సైన్సు మాస్టారుకెందుకు?" అంటారా? చెబుతాను వినండి. 1876-78లో దక్షిణ దేశంలో భయంకరమైన కరువు వచ్చింది. లక్షలాది జనం చనిపోయారు. మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. ఆనాడు పసిఫిక్ మహాసముద్రపు నీరు అసాధారణంగా వేడెక్కిందని, దీన్నే ఎల్ నినో అంటారని, మన వానలు తప్పడానికి అదొక ముఖ్య కారణమని ఇప్పుడు మనకు తెలుసు. ఎలా తెలిసింది? ఆ కాలపు ఓడల దినచర్యలు, వాతావరణ లెక్కలు ఎవరో దాచిపెట్టబట్టే గదా! "వాన లేదు, చెరువు ఎండింది, శిస్తు కట్టలేము" అని మీ ముత్తాత రాసిన అర్జీ కూడా అలాంటి సాక్ష్యమే.

ఒక చిన్న లెక్క చూడండి. కాగితం మీద "ధాత సంవత్సరం" అని మాత్రమే ఉంది. ఆ పేరు 60 ఏళ్లకొకసారి వస్తుంది: 1816, 1876, 1936, 1996. పక్కనే విక్టోరియా బొమ్మ ఉంటే అది ఏ సంవత్సరం? మీరే చెప్పండి!

ఇది పిల్లలు చేయగల పనేనా? 2020లో బ్రిటన్‌లో 60,000కు పైగా చేతిరాత పుటల్లోని వర్షపాతం అంకెలను దాదాపు 16,000 మంది మామూలు జనం ఇళ్లలో కూర్చుని కంప్యూటర్‌కెక్కించారు. వారికి కావలసింది ఓపిక, చదవడం వచ్చిన కళ్లు. ఆ రెండూ మీకున్నాయి.

"పాత కాగితాలు బయటపడితే భూమి తగాదాలు వస్తాయి" అని కొందరు పెద్దలు భయపడతారు. ఆ భయం ఉత్తది కాదు. కాని కాగితం కాల్చితే తగాదా కాలిపోదు, సాక్షి కాలిపోతాడు. అందుకే పెద్దల ఎదుటే, వారి అనుమతితోనే మూట విప్పండి.

విప్పేటప్పుడు జాగ్రత్త! ఆ రోజుల్లో అన్నభేదితో, మాచికాయ రసంతో సిరా చేసేవారు. అందులోని ఆమ్లం కాగితాన్ని మెల్లగా తినేస్తుంది. ముట్టుకుంటే అక్షరాలున్న చోటే రాలిపోవచ్చు. తడిగుడ్డతో తుడవకండి, ఎండలో పెట్టకండి, టేపు అంటించకండి. మెత్తని పొడి కుంచెతో దుమ్ము తీయండి. వరస మార్చకుండా సెల్‌ఫోనుతో ఫొటో తీయండి. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో నోటుపుస్తకంలో రాయండి.

బ్రౌన్ దొర కడపలో పనిచేసిన కాలంలో, అంటే మదనపల్లె ఇంకా కడప జిల్లాలో ఉన్న రోజుల్లో, పురుగులు తింటున్న తాటాకు గ్రంథాలను సేకరించి, పండితులకు జీతాలిచ్చి నకళ్లు రాయించాడు. కడపలో ఆయన పేరిట ఉన్న భాషా పరిశోధన కేంద్రంలో నేటికీ పాత రాతప్రతులను భద్రపరుస్తున్నారు. మీకు దొరికినవాటి గురించి అలాంటి చోట అడగవచ్చు.

ఈసారి భోగికి ఎండుకట్టెలు, పిడకలు వేయండి. చలి కాచుకోవడానికి అవి చాలు.