వారపు మందు రోజూ మింగరాదు

భద్రాచలం ఏజెన్సీ పల్లెల్లో మోచేతుల మీద, మోకాళ్ల మీద తెల్లని పొట్టు రాలే మచ్చలున్న మనిషి కనబడితే కుష్టు అనేస్తారు. ఆ ఒక్క మాటతో అతనికి కూలి పని కరువు, ఇంట్లో పిల్లకు పెళ్లి సంబంధం కరువు. కాని అటువంటి మచ్చలు సోరియాసిస్ వల్ల కూడా వస్తాయి. అది అంటువ్యాధి కాదు. కుష్టు మచ్చకు సాధారణంగా స్పర్శ తెలియదు. సోరియాసిస్ మచ్చకు స్పర్శ ఉంటుంది, దురదా ఉంటుంది. ఏదైనదీ తేల్చవలసినది డాక్టరే గాని ఊరు కాదు. కుష్టుకు సైతం ఉచితంగా మందులున్నాయి గనుక ఎవరినీ వెలివేయ పనిలేదు.

శరీర రక్షణ శక్తి దారి తప్పడం వల్ల, సుమారు నెలకు మారవలసిన పైచర్మం కొద్ది రోజులకే మారి పొట్టుగా రాలుతుంది. తలలో వస్తే చుండ్రు అనుకుంటారు. కొందరికి గోళ్లు చెడతాయి, కీళ్లు పట్టేస్తాయి. ఇది పడుచువారికీ వస్తుంది, నడివయసు దాటినవారికీ వస్తుంది. పూర్తిగా పోకపోయినా అదుపులో ఉంటుంది. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ దీనిపై ప్రత్యేక తీర్మానమే చేసింది.

కొద్ది మచ్చలకు పూత మందులు చాలు. ఎక్కువైతే కిరణ చికిత్స, మెథోట్రెక్సేట్ మాత్రలు ఇస్తారు. ప్రమాదమంతా ఈ మాత్రల దగ్గరే ఉంది. సోరియాసిస్‌కు వీటిని వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. జ్వరం బిళ్లల్లాగా రోజూ మింగితే నోరు పుండ్లు పడి, రక్తకణాలు తగ్గి ప్రాణం మీదికి వస్తుంది. ఇప్పసారా అలవాటున్నవారికి కాలేయం దెబ్బతింటుంది. గర్భిణులు అసలే వాడరాదు. మధ్యమధ్య రక్త పరీక్ష తప్పదు.

ఇది మలేరియా ప్రాంతం. క్లోరోక్విన్ కొందరిలో సోరియాసిస్‌ను రేపుతుంది. అలాగని మలేరియా మందు మానరాదు. ముందుగా డాక్టరుకు చెప్పుకోవాలి. స్టెరాయిడ్ సూదులతో మచ్చలు మాయమైనట్లే ఉండి, ఆపగానే ఒళ్లంతా ఎర్రబారి తిరగబెట్టవచ్చు. ఊళ్లో సూదులు వేసేవారు ఇది గ్రహించాలి.

కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. సంతోషమే. కాని చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల కూలీకి అక్కడికి పోవాలంటే ఒక రోజు కూలి పోయినట్లే. నెలకొకసారైనా, సంత రోజున, చర్మ వైద్యుడు ఏజెన్సీ ఆరోగ్య కేంద్రాలకు రావాలి. చదువురాని రోగికి "మీ సంత ఏ రోజో ఆ రోజే ఈ మాత్రలు" అని చెప్పి పంపాలి. సంత వారానికి ఒక్కసారే గనుక లెక్క తప్పదు. ఇందుకు కొత్త నిధులు అక్కరలేదు. అధికారులు ఆలోచించగలరు.