‘అన్‌ఫిట్’ అయిన చేతులు

మన బొగ్గుబాయిల ప్రాంతంలో ‘అన్‌ఫిట్’ అనే మాట వినని ఇల్లు లేదు. ఏండ్ల తరబడి గనిలో దిగిన దేహం శిథిలమైనప్పుడు మెడికల్ బోర్డు ఇచ్చే తీర్పు అది. ఆ తీర్పుతో తండ్రి మంచం చేరుతాడు. కుమారుడు ఆ ఉద్యోగానికై ఎదురుచూస్తాడు. ఒక పనికి పనికిరానివాడు ఏ పనికీ పనికిరాడని మనం తలచుట న్యాయమేనా అన్నదే నా ప్రశ్న.

డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారు కూడ 1948లో అనారోగ్య కారణంగానే సైన్యం విడువవలసి వచ్చింది. వారు 1918లో తమిళనాట వడమలాపురంలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో జన్మించారు. నది ఒడ్డు నుండి తెచ్చిన ఇసుకపై అక్షరాలు దిద్దుకున్న ఆ బాలుడు 1944లో మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాల నుండి పట్టం పొందాడు. రెండవ ప్రపంచ యుద్ధపు చివరి ఏట, 1945లో, సైనిక వైద్యదళంలో చేరి బర్మాలో పనిచేశారు. తమ బంధువులలో ముగ్గురు స్త్రీలు గర్భవతులుగా ఉండి మరణించుట చూచినవారు కనుక ప్రసూతి వైద్యులు కావాలన్నది వారి సంకల్పం. కాని తీవ్రమైన కీళ్లవాతం పట్టుకున్నది. వేళ్లు వంకర తిరిగి కలం పట్టుట కూడ దుర్లభమైంది. ఆ సంకల్పం అంతటితో అడుగంటింది.

తరువాతి కథను మనవారు ‘అద్భుతం’ అని వర్ణిస్తారు. నేను ఒప్పుకోను. అద్భుతమంటే మనం అనుసరించనక్కరలేదు కదా! ఆయన నేత్రవైద్యం చదివి, ఆ వంకర వేళ్లకు అనువైన పరికరాలను రూపొందించుకుని, కత్తి పట్టుట అభ్యసించారు. జీవితకాలంలో స్వహస్తాలతో లక్షకు పైగా శస్త్రచికిత్సలు చేశారు. వేళ్లు మారలేదు, పనిముట్లు మారాయి.

1976లో ప్రభుత్వోద్యోగ విరమణానంతరం మధురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని స్థాపించారు. ఇచ్చుకోగలవారి రుసుముతోనే లేనివారికి ఉచిత చికిత్స జరిగే ఏర్పాటు అది. దీనిని ఖైరాత్ అనుట కంటె హిసాబ్ అనుట మేలు. కంట అమర్చే కటకం విదేశాల నుండి తెచ్చిన పేదలకు అందదని, 1992లో అరోలాబ్ ద్వారా ఇక్కడనే తయారు చేయించారు.

ఉచితమన్నప్పటికీ పేదలు శస్త్రచికిత్సకు రాకపోతే, వారిది అజ్ఞానమని ఆ ఆసుపత్రివారు విసుగుకొనలేదు. బస్సు ఛార్జీ, భోజనం, తోడు వచ్చేవారి కూలి నష్టం అడ్డుపడుతున్నవని గ్రహించి, శిబిరం నుండి రోగులను తామే తీసుకుపోయి, భోజనం పెట్టి, తిరిగి దిగబెట్టే పద్ధతి నెలకొల్పారు.

గోదావరిఖని కార్మిక వాడలలో పొర కమ్మిన కండ్లతో కూర్చున్న పెద్దలు ఎందరో ఉన్నారు. మన కళాశాల సంఘంవారు కంటి శిబిరం తలపెట్టినచో, బ్యానరుకు, శాలువాలకు ముందు బస్సుకు డబ్బు కేటాయించవలెనని నా మనవి. ఏ వాడలో ఎవరికి చూపు మందగించినదో ఇంటింటా తిరిగి వ్రాసుకునే పని మన విద్యార్థులు రెండు ఆదివారాలలో చేయగలరు.