లోపలికి పిలిచే ముందు రోగిని ఒక్క మాట అడగండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు,

విశాఖ కేజీహెచ్ అయినా, హైదరాబాద్ ఉస్మానియా, గాంధీ అయినా, ఓపీ చీటీ పట్టుకుని నిలబడే పేదల దగ్గరే మన పిల్లలు వైద్యం నేర్చుకుంటున్నారు. నేర్చుకోవాలి కూడా. రోగిని చూడకుండా ఎవరూ డాక్టర్ కాలేరు. కాకపోతే, విద్యార్థులను లోపలికి పిలిచే ముందు రోగిని అడగాలి. నా విన్నపం ఇదే.

ఒక బోధనాసుపత్రి గైనిక్ ఓపీకి మా చెల్లెలికి తోడు వెళ్లాను. తనను బల్ల మీద పడుకోబెట్టాక ఏడెనిమిది మంది విద్యార్థులు వచ్చి చుట్టూ నిలబడ్డారు. వాళ్లలో మగపిల్లలూ ఉన్నారు. "ఈ కేసు చూడండి" అంటూ డాక్టర్ మేడమ్ ఇంగ్లిష్‌లో పాఠం మొదలుపెట్టారు. చెల్లెలు కొంగు మొహం మీదికి లాక్కుంది. చెప్పుకోవాలని వచ్చిన బాధ చెప్పకుండానే మందులు రాయించుకుని బయటికొచ్చింది. "అంతమందిలో ఎలా చెప్పనక్కా?" అంది.

మరోసారి వార్డులో ఒక విద్యార్థిని ఒక పెద్దావిడ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "అమ్మా, నేనింకా చదువుకుంటున్నాను, మీ జబ్బు గురించి అడగొచ్చా?" అంది. బీపీ మాత్రలు అయిపోతాయని రోజు విడిచి రోజు వేసుకుంటున్న సంగతి, రౌండ్స్‌లో ఎవరికీ చెప్పని ఆ పెద్దావిడ, ఆ పిల్లకు చెప్పింది. అడిగితే రోగి కాదనడమే కాదు, మనసు విప్పడమూ ఉంటుంది.

2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం గోప్యతను, గౌరవాన్ని హక్కులుగా చెప్పింది. 2019లో వచ్చిన ఎంబీబీఎస్ సిలబస్‌లో రోగితో ఎలా మాట్లాడాలన్నది పాఠంగానే చేరింది. కానీ ఆ పాఠం చదివిన విద్యార్థి ఓపీలో చూసేది వేరు.

డబ్బున్నవాళ్లు ప్రైవేటులో తలుపేసుకుని చూపించుకుంటారు. అక్కడి డాక్టర్లలో ఎంతోమందికి చెయ్యి తిరిగింది సర్కారు ఆసుపత్రి రోగుల దగ్గరే. ఆ రుణం మనందరిదీ.

కాబట్టి ఈ ఉత్తర్వులివ్వండి: రోగి బల్ల ఎక్కకముందే, విద్యార్థులు బయట ఉండగానే, రోగి భాషలో అనుమతి అడగాలి. పరీక్ష సమయంలో తెర ఉండాలి, లోపల ఇద్దరు ముగ్గురికి మించి విద్యార్థులు ఉండకూడదు. విద్యార్థులు వద్దన్నా వైద్యంలో తేడా రాదని ప్రతి ఓపీ గది ముందు తెలుగులోనూ, ఉర్దూ మాట్లాడేవాళ్లున్న చోట ఉర్దూలోనూ బోర్డు పెట్టాలి.

వీటికి కొత్త భవనాలు, కొత్త పోస్టులు అక్కర్లేదు. మీ సంతకం చాలు.

ఇట్లు,
ఒక రోగి అక్క