నడుం పట్టేసిన మేనల్లుడు

మా అమ్మమ్మకి ఒంటినొప్పుల్లో తేడాలు బాగా తెలుసు. కలుక్కుమంటే ఒక రకం, బెణికితే ఒక రకం, పట్టేస్తే ఒకటి, కొంకర్లు పోతే ఇంకొకటి. పొలం నుంచి వచ్చిన తాతయ్యకి రాత్రిపూట పిక్క పట్టేస్తే ఆవిడ మంచం చివర కూచుని, పాదం పట్టుకుని వేళ్ళని ఆయన మోకాలి వైపుకి వంచేది. చీకట్లో ముందు తాతయ్య తిట్లు వినబడేవి, కాసేపటికి గురక వినబడేది. నాకిప్పుడు యాభై మూడేళ్ళు. డాలస్ పక్కన ఈ ఇంట్లో అర్ధరాత్రి నా పిక్క పట్టేసినప్పుడు నేను చేసేదీ అదే. కాకపోతే నా పాదం నేనే వంచుకుంటాను. మా ఆవిడ నిద్ర అంత తేలికైనది కాదు.

అందుకే మొన్న మే నెలలో మా మేనల్లుడు ఇంటర్న్‌షిప్‌కని వచ్చి మా ఇంట్లో దిగి, వారం తిరక్కుండానే "మావయ్యా, నడుం పట్టేస్తోంది" అంటే, ఇదీ ఆ కోవలోదే అనుకున్నాను. వాడికి ఇరవై నాలుగు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే జిమ్‌కి పోతాడు. వంచి ఎత్తి ఉంటాడు, పట్టేసి ఉంటుంది. అరటిపండు తినమన్నాను. ఉప్పేసిన మజ్జిగ తాగమన్నాను. మా ఆవిడ జండూబామ్ ఇచ్చింది. తెలుగువాడి అత్యవసర వైద్యం అక్కడికి పూర్తయింది.

(ఇదంతా వాడి అనుమతితోనే రాస్తున్నాను. పేరు రాయకూడదన్నది షరతు. రాసింది చూపిస్తే రెండు వాక్యాలు తీసేయమన్నాడు, తీసేశాను.)

జూన్‌లో ఒక శనివారం ఉతికిన బట్టల బుట్ట మేడ మీదకి తీసుకెళుతూ, పది మెట్లెక్కి, బుట్ట అక్కడే దించేసి, మెట్ల మధ్య చదునులో వెల్లకిలా పడుకుని మోకాళ్ళు రెండూ గుండెకి హత్తుకున్నాడు. మూడొందల పౌన్ల బరువు నేల మీంచి ఎత్తే కుర్రాడు! చెయ్యి వేసి చూద్దును కదా, వెన్నుకి రెండువైపులా కండ చెక్కపలకలా ఉంది. కొంకర్లు పోయిన కండ ఒకచోట ముడిపడినట్టుంటుంది, వణుకుతుంది, రెండు నిమిషాల్లో వదిలేస్తుంది. ఇది అలా లేదు. లోపల్నుంచి గాలికొట్టినట్టు నిండుగా బిగిసిపోయి ఉంది. పావుగంట పట్టింది వాడు లేవడానికి.

"దీన్ని పంప్ అంటారు మావయ్యా" అన్నాడు, అదేదో మంచి విషయమైనట్టు.

నిజానికి మంచి విషయమేనట, సరైన చోట వస్తే. బరువులెత్తేటప్పుడు కండలోకి వచ్చే రక్తం వచ్చినంత వేగంగా తిరిగి పోదు. కండ ఉబ్బుతుంది, చొక్కా బిగుతవుతుంది, అద్దంలో మనిషి కాసేపు పెద్దగా కనిపిస్తాడు. 1977లో వచ్చిన 'పంపింగ్ ఐరన్' అనే డాక్యుమెంటరీలో ఆర్నాల్డ్ స్క్వార్జ్‌నెగర్ ఈ సుఖం గురించి ఎంత మైమరచి మాట్లాడాడో చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అదే ఉబ్బు భుజంలో కాకుండా నడుంలోనో, మోకాలి కింద ముందువైపు ఎముక పక్కనో వచ్చి, బరువెత్తినప్పుడు కాక మెట్లెక్కితేనే వస్తే? దానికి మాత్రం కారణం వేరే ఉంటుంది. ఆ కారణం నాకు జూలై దాకా తెలీదు. తెలుసుకోవాలని నేను గట్టిగా ప్రయత్నించలేదని కూడా ఒప్పుకోవాలి. రెండు నెలల్లో పద్దెనిమిది పౌన్లు పెరిగిన పిల్లాడిని చూసి "మా ఇంటి తిండి పడింది" అని అక్కకి ఫోన్లో గొప్పగా చెప్పిన ఘనుణ్ణి నేను.

వాడి గది కిటికీ గట్టు చిన్న మందుల షాపులా ఉండేది. నాకు చదవగలిగిన లేబుల్ కనిపిస్తే ఆగదు కాబట్టి ఒక్కొక్కటే అడిగేవాణ్ణి. మెగ్నీషియం నేనూ వేసుకుంటాను, కాబట్టి దాని మీద మాటలు పడలేదు. (వయసు మీదపడ్డవాళ్ళకి రాత్రిళ్ళు వచ్చే కొంకర్లకి మెగ్నీషియం పెద్దగా పనిచేయదని పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్ళు తేల్చారట. అయినా సీసా అయిపోయేదాకా వేసుకుంటాను. డబ్బు పోసి కొన్నాను.) పెద్ద డబ్బాలో తెల్లటి పొడి, టారిన్. ఎద్దు పిత్తంలో మొదటిసారి దొరికింది కనక లాటిన్‌లో ఎద్దు పేరే దానికి పెట్టారు. రెడ్‌బుల్‌లో ఉండేదీ అదే. జిమ్ కుర్రాళ్ళకి ఈ పంప్ నొప్పులకి ఇదే సంజీవని. కాలేయం చెడినవాళ్ళకి వచ్చే కొంకర్లని టారిన్ కొంత తగ్గించిందని ఒక చిన్న పరిశోధన ఉంది. వీళ్ళ నొప్పికి పనిచేస్తుందన్నది మాత్రం ఒకరికొకరు చెప్పుకునే మాట. పనిచేస్తోందని మావాడి సాక్ష్యం. డబ్బా సగమయ్యాక కూడా మెట్ల మీద పడుకున్నాడన్నది నా సాక్ష్యం.

ఫ్రిజ్‌లో దోసకాయ పచ్చడి డబ్బా ఖాళీ కాకుండానే పులుపునీళ్ళు మాత్రం తగ్గిపోతుంటే మా ఆవిడకి అనుమానమొచ్చింది. వాడే తాగుతున్నాడు. నవ్వకండి, దీనికి మాత్రం గట్టి ఆధారమే ఉంది. 2010లో అమెరికాలో కొందరి కాలివేలికి కరెంటుతో కొంకర్లు తెప్పించి, ఈ ఊరగాయ నీళ్ళు తాగించి చూశారు. నిమిషంన్నరలోపు వదిలేసిందట. కడుపులోంచి రక్తంలోకి ఉప్పు చేరడానికి ఆ సమయం చాలదు. గొంతుకి పులుపు తగలగానే నరాల ద్వారా కబురు వెళ్ళి కండ సడలుతుందని వాళ్ళ ఊహ. కొరివికారం నాలిక్కి రాసినా పనిచేస్తుందేమో, ఆవకాయ తిని పెరిగిన జాతికి అసలు కొంకర్లే రాకూడదు కదా అని నేను భోజనాల దగ్గర చాలాసేపు ఉపన్యసించాను. వాడు పళ్ళెంలోకి చూస్తూ నవ్వాడు.

చివర్న పొటాషియం మాత్రలు. ఇక్కడ నవ్వులేదు. ఈ దేశంలో చీటీ లేకుండా అమ్మే మాత్రలో పొటాషియం 99 మిల్లీగ్రాములే ఉంటుంది. ఒక అరటిపండులో నాలుగు వందలు ఉంటుంది. అంత తక్కువగా ఎందుకు అమ్ముతారో ఆలోచించకుండా, "ఒకటి చాలదులే" అని మావాడు గుప్పిట్లో పోసుకుని మింగేవాడు. అదే సమయంలో నా బీపీ మాత్రల సీసా నెల తిరక్కుండా అయిపోయింది. మతిమరుపుతో రెండేసి వేసుకుంటున్నానని మా ఆవిడ నన్ను కోప్పడింది. నేనూ నమ్మాను.

జూలై మూడోవారం. బయట నూట నాలుగు డిగ్రీలు. ఎవరో స్నేహితుడి గ్యారేజీలో, ఏసీ లేనిచోట, గంటన్నరసేపు కాళ్ళకి వ్యాయామం చేసి వచ్చాడు. మర్నాడు కూచున్న కుర్చీలోంచి లేవలేకపోయాడు. ఆ రాత్రి తలుపు కొట్టి, "మావయ్యా, ఒంటేలు కోకాకోలా రంగులో వస్తోంది" అన్నాడు. పదేళ్ళప్పుడు గోదావరి గట్టు మీద తప్పిపోయి దొరికినప్పుడు కూడా వాడి మొహం అలా లేదు.

అత్యవసర విభాగంలో డాక్టరమ్మ చిన్న వయసావిడ. రక్తం తీశారు, సెలైన్ పెట్టారు. "ఏమైనా వాడుతున్నావా?" అని అడిగింది. లేదన్నాడు. ప్రోటీన్ పొడి, అంతే. ఆవిడ వాడి భుజాల మీద మొటిమలు చూసింది, బీపీ చూసింది, నన్ను చూసింది. "మీరు కాస్త కాఫీ తాగి వస్తారా?" అంది.

నేను వెళ్ళాను. నడవా చివర యంత్రంలో కాఫీ పట్టుకుని, తాగకుండా నిలబడ్డాను. అప్పుడర్థమైంది నాకు: ఆ గదిలో వాడి నోటికి అడ్డం నేనే. జండూబామ్ ఇచ్చిన మావయ్య ముందు, ప్రతి ఆదివారం అమ్మకి ఫోన్ కలిపిచ్చే మావయ్య ముందు, ఏం చెబుతాడు?

పావుగంట తర్వాత ఆవిడే పిలిచింది. వాడి అంగీకారంతో అన్నీ చెప్పింది. మే నుంచి గులాబీరంగు బిళ్ళలు మింగుతున్నాడు, డయానబాల్. 1950ల చివర్లో సీబా అనే మందుల కంపెనీ అమెరికా మార్కెట్లోకి తెచ్చిన బిళ్ళ. జాన్ జీగ్లర్ అనే డాక్టరు బరువులెత్తేవాళ్ళకి దాన్ని అలవాటు చేసి, వాళ్ళు చెప్పినదానికి రెట్టింపులు మింగడం చూసి తర్వాత బాధపడ్డాడు. 1983లో ఆ కంపెనీ అమ్మకం మానేసింది. మావాడికి అమ్మినవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు. ఆ బిళ్ళ ఒంట్లో ఉప్పునీ నీటినీ ఆపుతుంది. కండని నింపుతుంది. కండ మీద ఉండే తొడుగు మాత్రం అంతగా సాగదు. అందుకే నడుం చెక్కవుతుంది. బీపీ పెరుగుతుంది. బీపీకి ఎవరో "ఇంట్లో పెద్దవాళ్ళ మాత్ర వేసుకో" అన్నారట. నా లిసినోప్రిల్ అలా వాడి కడుపులోకి వెళ్ళింది.

లిసినోప్రిల్ పొటాషియాన్ని ఒంట్లోంచి పోనివ్వదు. పైన గుప్పిళ్ళతో మాత్రలు. ఇప్పుడు ఎండలో నలిగిపోయిన తొడ కండరాలు చిట్లి, వాటిలో ఉన్న పొటాషియం కూడా రక్తంలోకి దిగుతోంది. రాబ్డోమయోలసిస్ అంటారు దీన్ని. చిట్లిన కండ సరుకు మూత్రపిండాల్లో అడ్డుపడుతుంది. పెరిగిన పొటాషియం గుండెని ఆపగలదు. "నొప్పి తగ్గడానికి వేసుకున్నవే ఎక్కువ ప్రమాదం తెచ్చాయి" అని ఆవిడ చాలా మామూలుగా చెప్పింది. ఈసీజీ కాగితం మీద గీతలు చూపించింది. నాకవి అర్థం కాలేదు గానీ ఆవిడ వేలు ఎక్కడ ఆగిందో గుర్తుంది.

నాలుగు రాత్రులున్నాం. కిడ్నీలు నిలబడ్డాయి.

రెండోరోజు అడిగాను, "ముందే ఎందుకు చెప్పలేదురా డాక్టరుకి?" అని. మీ మీద భయం అంటాడనుకున్నాను. "వీసా మావయ్యా" అన్నాడు. ఈ దేశంలో 1990 చట్టం తర్వాత స్టెరాయిడ్లు చీటీ లేకుండా దగ్గర పెట్టుకోవడం నేరం. స్టూడెంటు వీసా మీద ఉన్నవాడికి మందుల కేసులో శిక్షపడితే తిరుగుటపా. అంతవరకూ వాడు సరిగ్గానే చదువుకున్నాడు. డాక్టరుకి చెప్పడం, పోలీసుకి చెప్పడం ఒకటే అనుకోవడం దగ్గర తప్పాడు. వైద్యం కోసం చెప్పింది వైద్యం చేసేవాళ్ళ దగ్గర ఉంటుంది. బిళ్ళ మింగానన్నందుకు వాళ్ళు ఎవరికీ ఫోన్ చేయరు. ఇది మన కుర్రాళ్ళలో ఎందరికి తెలుసో. నలుగురు కలిసి ఉండే అపార్ట్‌మెంట్లలో కిటికీ గట్టు మీద ఇలాంటి దుకాణం ఉన్నవాళ్ళు ఈ పేరా అయినా చదవాలని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నొప్పికి ఏం చేయాలని వాడే అడిగాడు ఆవిణ్ణి, ఇంటికొచ్చే ముందు. బిళ్ళ మానేస్తే కొద్దివారాల్లో ఆ బిగుతు పోతుందంది. ఈలోపు మోకాళ్ళు గుండెకి హత్తుకుని పడుకోవడం, నీళ్ళు, మామూలు తిండిలో ఉప్పు, ఎండలో బరువులు మానడం. అంతకు మించిన రహస్యమేదీ లేదంది. పొటాషియం, ఇంకొకరి బీపీ మాత్ర ముట్టుకోవద్దంది. కండ గట్టిపడి విశ్రాంతి తీసుకున్నా సడలకపోయినా, కాలు మొద్దుబారినా, మూత్రం రంగు మారినా, టారిన్ డబ్బా వెతక్కుండా నేరుగా రమ్మంది.

మానేయడమూ అంత తేలిక కాదు. బయటి హార్మోను దొరికినంతకాలం ఒళ్ళు సొంతంగా చేసుకోవడం ఆపేస్తుందట, మళ్ళీ మొదలవడానికి నెలలు పట్టొచ్చు. ఆ నెలల్లో మనిషి డీలాపడతాడు. హార్మోన్ల డాక్టరు దగ్గరకి రెండుసార్లు వెళ్ళొచ్చాం. ఆగస్టంతా వాడు సోఫాలో కూచుని, టీవీ పెట్టి, చూడకుండా కూచున్నాడు. మా ఆవిడ ఏమీ అడక్కుండా పక్కన కూచుని చిక్కుళ్ళు ఒలిచేది. కొన్నాళ్ళకి వాడూ ఒలవడం మొదలుపెట్టాడు.

నేను మాత్రం ఒక రాత్రి, ఉండబట్టలేక, "అసలెందుకురా?" అన్నాను. చాలాసేపటికి చెప్పాడు. పదో తరగతిలో వాడిని అందరూ ఏమని పిలిచేవారో. ఆ వాక్యమే తీసేయమన్నది.

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో అక్క వాణ్ణి చూసి, "ఏంట్రా అలా చిక్కిపోయావు? ఏరా తమ్ముడూ, పిల్లాడికి తిండి పెడుతున్నారా లేదా?" అంది. వాడు నా వైపు చూశాడు. పరీక్షలు కదక్కా, నిద్ర చాలట్లేదు అన్నాను. ఆసుపత్రి సంగతి ఆవిడకి ఇంకా తెలీదు. ఎప్పుడు చెప్పాలన్నది వాడిష్టానికే వదిలేశాను. అక్క అంతర్జాలం జోలికి రాదు కాబట్టి ఈ నెలకి గండం గడిచినట్టే. ఫోన్ పెట్టేసి, నా బీపీ మాత్రల సీసా లెక్కపెట్టుకున్నాను. సరిగ్గానే ఉన్నాయి. లెక్కపెడుతుండగా వాడు చూశాడు. చూడకుండా ఉండాల్సింది.