ఇంటి యంత్రాలు: మొరాయించే పంపు, ఉక్కిరిబిక్కిరయ్యే చేప

విశాఖపట్నం పాఠకులొకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. మొదటి మూడు పేజీలూ చేపల ముచ్చట్లే. అసలు కష్టం నాలుగో పేజీలో వున్నది. వారింట్లో 300 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం వున్నదిట. దాని కింద, బల్ల అరలో మరో చిన్న తొట్టి. పైనుంచి పొర్లిన నీరు అందులోకి దిగి, వడపోత జరిగి, పంపు ద్వారా మళ్ళీ పైకి వెళుతుంది. పంపు ఇప్పటి కొత్త రకం: 24 వోల్టుల డి.సి. కరెంటుతో నడిచేది. వేగం పెంచటానికీ తగ్గించటానికీ విడిగా ఒక కంట్రోలర్ డబ్బా, దానిమీద మీటలూ వున్నాయి. రెండేళ్ళు బుద్ధిగా పనిచేసింది. ఈమధ్య కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతున్నది. మరో రెండుసార్లు ప్రయత్నిస్తుంది, ఎర్ర దీపం వెలుగుతుంది, అంతే. బతిమాలగా బతిమాలగా ఎప్పటికో తిరుగుతుంది. అదీగాక, వేగం సగానికి తగ్గిస్తే మోటారు చప్పుడు వినిపిస్తుంది గాని పైన చుక్క నీరు పడదు. “మోటారు కాలిపోతున్నది, కొత్తది కొనెయ్యండి” అని షాపువారు తేల్చేశారుట. కొనమంటారా అని వారి ప్రశ్న.

వద్దంటాను. కనీసం ఒక సీసా వెనిగర్ ఖర్చు పెట్టేదాకా వద్దు.

కాని పంపుకంటె ముందు చేపల సంగతి చూడాలి. పంపు రేపైనా బాగుచేసుకోవచ్చు, చేప రేపటిదాకా ఆగదు. మంచినీటికీ ఉప్పునీటికీ ఇక్కడ పెద్ద తేడా వున్నది. 28 డిగ్రీల వేడిలో మంచినీరు లీటరుకు సుమారు 7.8 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకోగలదు. సముద్రపు నీరు 6.4 దగ్గరే ఆగిపోతుంది. అంటే మొదటినుంచీ అయిదోవంతు తక్కువ పెట్టుబడితోనే సంసారం. ఆ కాస్త ప్రాణవాయువైనా నీటి పైపొర కదులుతూ గాలిని తాకుతుంటేనే లోపలికి దిగుతుంది. పంపు ఆగిందా, పైపొర అద్దంలా నిలిచిపోతుంది. లోపల చేపలు, రాళ్ళలో కాపురమున్న సూక్ష్మజీవులు, పగడాలు అన్నీ వున్నదాన్ని పీలుస్తూనే వుంటాయి. రాత్రిపూట మరీ కష్టం, వెలుతురు లేనప్పుడు నాచుకూడా ఇచ్చేది పోయి పుచ్చుకునే జాబితాలో చేరుతుంది.

ఇది కొత్తగా తెలిసిన రహస్యమేమీ కాదు. 1871లో లండను క్రిస్టల్ ప్యాలెస్‌లో అక్వేరియం కట్టిన విలియం ఆల్ఫర్డ్ లాయిడ్, జనం చూసే తొట్లకన్న పెద్ద జలాశయాన్ని కింద చీకట్లో కట్టించి, ఆవిరి యంత్రం పెట్టి రాత్రింబగళ్ళు నీటిని తిప్పించాడు. మన విశాఖ పెద్దమనిషి బల్ల కింద పెట్టుకున్న చిన్న తొట్టి దానికి మునిమనవడే.

కనుక పంపు ఆగి, చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే స్క్రూడ్రైవర్ వెతక్కండి. చెంబు తీసుకోండి. తొట్టిలో నీరే ముంచి జానెడెత్తునుంచి మళ్ళీ తొట్టిలోనే ధారగా పొయ్యండి. ఇంట్లో పిల్లలుంటే వారికి ఇంతకన్న సరదా పని లేదు. బ్యాటరీతో నడిచే గాలి పంపు అక్వేరియం సామాన్ల షాపుల్లో చవకగానే దొరుకుతుంది, అది ఒకటి బల్ల అరలో పడివుండాలి. పంపు బాగయ్యేదాకా మేత వెయ్యవద్దు. తిన్న చేపకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి, తినని మేత కుళ్ళితే దానికీ కావాలి.

ఇక పంపు. ఒక్క కుదుపు కుదిపి ఆగే మోటారు చాలావరకు కాలిన మోటారు కాదు. పూర్తిగా కాలినది కుదపదు. దీని లక్షణం తెలియాలంటే లోపల ఏముందో చూడాలి. నీటిలో తిరిగే రెక్కల చక్రానికి ఒక అయస్కాంతం అతికివుంటుంది. దాని చుట్టూ, నీరు తగలకుండా గట్టి జిగురులో పోతపోసిన తీగచుట్టలుంటాయి. కంట్రోలర్ డబ్బా ఈ చుట్టలకు వంతులవారీగా కరెంటు పంపిస్తుంటే అయస్కాంతం వాటి వెంటపడి తిరుగుతుంది. వంతు ఎప్పుడు మార్చాలో డబ్బాకు ఎలా తెలుస్తుంది? ఈ పంపుల్లో చాలావాటికి కళ్ళు లేవు. తిరిగే అయస్కాంతం తీగచుట్టలో పుట్టించే కొద్దిపాటి వోల్టేజినిబట్టి అది ఎక్కడున్నదో డబ్బా పసికడుతుంది.

చిక్కంతా ఇక్కడే. చక్రం తిరుగుతున్నంతసేపూ ఆ కబురు అందుతుంది. ఆగివున్నప్పుడు అయస్కాంతం ఏమీ పుట్టించదు, కబురే లేదు. కనుక ప్రతిసారీ బయలుదేరేటప్పుడు డబ్బా కళ్ళకు గంతలు కట్టుకున్నవాడిలా ఒక్క తోపు తోస్తుంది. చక్రం కదిలి వెంటవచ్చిందా సరే. రాలేదా, చుట్టలు కాలకుండా కరెంటు ఆపేస్తుంది, కాస్త ఆగి మళ్ళీ తోస్తుంది, చివరకు ఎర్ర దీపం వెలిగించి చేతులెత్తేస్తుంది. నెలల తరబడి నడిచిన పంపు సరిగ్గా కరెంటు పోయి వచ్చినప్పుడే మొరాయించటానికి కారణం ఇదే. తిరిగేటప్పుడు లెక్కచెయ్యని అడ్డం, బయలుదేరేటప్పుడు గోడ అవుతుంది.

ఆ అడ్డం నూటికి తొంభై పాళ్ళు సున్నం. పగడాలు పెంచేవారు నీటిలో కాల్షియం, క్షారం వేస్తూవుంటారు గదా. ఉప్పూ పంచదారా వేడినీటిలో ఎక్కువ కరుగుతాయి. ఈ సున్నపు పదార్థం మాత్రం వ్యతిరేకం, నీరు వేడెక్కేకొద్దీ కరగటం మాని పెచ్చు కడుతుంది. తొట్టిలో ఎప్పుడూ కాస్త వేడిగా వుండే చోటు ఏది? మోటారే. అయస్కాంతానికీ అది కూర్చునే గుంటకూ మధ్య సందు చాలా సన్నం. అందులో పెచ్చు కడితే ఇంకేమున్నది!

ప్లగ్గు పీకండి. స్విచ్చి ఆపటం కాదు, ప్లగ్గే పీకాలి. పంపు బయటికి తీసి, ముందు మూత విప్పి, చక్రాన్ని మెల్లిగా లాగండి. అయస్కాంతం వదలక పట్టుకుంటుంది, నిటారుగా లాగాలి, పక్కకు వంచరాదు. నడుమ వుండే ఇరుసు పింగాణీది, పెళుసు. వంచితే టక్కున విరుగుతుంది. అప్పుడు మాత్రం నిజంగా షాపుకు వెళ్ళవలసిందే. వంటింటి వెనిగర్ ఒక పాలు, మంచినీరు ఒక పాలు కలిపి, చక్రం, ఇరుసు, మూత అందులో వెయ్యండి. మోటారు గుంటలోకూడా అదే నీరు నింపండి. బుసబుస పొంగు వచ్చిందంటే సున్నం కరుగుతున్నదన్నమాట. గంటసేపు వుంచి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది, మంచినీటితో రెండుసార్లు కడగండి. వెనిగర్ లేకపోతే లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపినా సరిపోతుంది. స్నానాలగది కడిగే యాసిడ్ దగ్గరికి రానివ్వకండి. సబ్బూ వద్దు.

మరొక్క మాట. మన ఇళ్ళలో తిరిగే వస్తువు ఏది బిగుసుకున్నా నాలుగు చుక్కల నూనె వెయ్యటం అలవాటు. కుట్టుమిషనుకు అది మంచిదే. ఈ పంపుకు నీరే నూనె. మీరు పోసిన మిషను నూనె తిన్నగా చేపల మొప్పల్లోకి వెళుతుంది.

కడిగిన చక్రాన్ని తిరిగి అమర్చి వేలితో తిప్పి చూడండి. తడవతడవకూ ఆగినట్టు అనిపిస్తే భయపడవద్దు, అది అయస్కాంతం పట్టు. గరగరమని రాపిడి తగిలితేనే అనుమానించాలి. అయస్కాంతం పైపూత పగిలి తుప్పు మరకలు కనిపించినా, అది ఉబ్బినా, చక్రం ఒక్కటే కొత్తది తెచ్చి వేసుకోండి. తుప్పు నీటిలో కలవటం పగడాలకు మంచిది కాదు.

రెండో ఫిర్యాదు, సగం వేగంలో నీరు రాకపోవటం, అసలు జబ్బే కాదు. అది లెక్క. పంపు వేగం సగం చేస్తే ప్రవాహం సగమవుతుంది, బాగానే వున్నది. కాని నీటిని ఎత్తగల ఎత్తు సగం కాదు, నాలుగోవంతు అవుతుంది. వాడే కరెంటు దాదాపు ఎనిమిదోవంతుకు దిగుతుంది. ఉదాహరణకు పూర్తి వేగంలో 12 అడుగులు ఎత్తే పంపు అనుకుందాం. సగం వేగంలో అది 3 అడుగులే ఎత్తుతుంది. కింది తొట్టి నీటిమట్టంనుంచి పై తొట్టి మట్టానికి 4 అడుగులుంటే, నీరు గొట్టంలో మూడడుగులు ఎక్కి అక్కడే నిలబడిపోతుంది. మోటారు తిరుగుతూనే వుంటుంది, మీరు చెవి ఆనించి వింటూనే వుంటారు, చుక్క పడదు! ఈ పంపు కనీసం నూటికి 58 పాళ్ళ వేగంతో తిరిగితేగాని నీరు గడప దాటదు. గొట్టం వంపులు, రాపిడి కలుపుకుంటే ఇంకాస్త పైన. విద్యుత్తు ఆదా అవుతుందని మీట మరీ కిందికి దించేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

అయితే నిరుటిదాకా సగంలోనే నీరు వచ్చేదంటారా? అప్పుడు మళ్ళీ సున్నమే, లేదా గొట్టంలో పాకుడు. దీన్ని పట్టటానికి బకెట్టు చాలు. పంపు శుభ్రం చేసిన రోజున, పైన నీరు పడేచోట 20 లీటర్ల బకెట్టు నిండటానికి ఎన్ని క్షణాలు పట్టిందో చూడండి. కింది తొట్టి మరీ చిన్నదైతే అయిదు లీటర్లే పట్టండి, లేకపోతే పంపు గాలి పీలుస్తుంది. 20 లీటర్లకు 36 సెకండ్లయితే గంటకు 2,000 లీటర్లు. ఆ అంకె, ఆ రోజు మీట ఎక్కడున్నదీ బల్ల తలుపు లోపల రాసిపెట్టుకోండి. ఎప్పుడైనా అదే మీటమీద 48 సెకండ్లు పట్టిందంటే నాలుగోవంతు ప్రవాహం పోయిందన్నమాట. ఎర్ర దీపంకోసం కాచుకోనక్కరలేదు, వెనిగర్ సీసా తియ్యవచ్చు.

వెనిగర్ స్నానం అయినా కుదుపు తగ్గకపోతే తీగెల అతుకులు చూడండి. ఉప్పునీటి తుంపర ఎక్కడికైనా పాకుతుంది. ప్లగ్గుల ముళ్ళమీద పచ్చని చిలుము కనిపిస్తే ఐసోప్రొపైల్ స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి మళ్ళీ బిగించండి. డబ్బాను ఆ తడి అరలోనే వుంచారని ఉత్తరం చదివితే అనిపించింది. బయటికి తీసి ఎత్తుగా తగిలించండి. తీగె సాకెట్టుకు చేరేముందు ఒక వంపు కిందికి వేలాడనివ్వండి, జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గర రాలిపోతుంది, సాకెట్టులోకి ఎక్కదు. ఆ సాకెట్టుకు ఎర్త్ లీకేజీ స్విచ్చి లేకపోతే మాత్రం ఈ పనులన్నిటికన్నా ముందు ఎలెక్ట్రీషియన్‌ను పిలిపించండి.

అడాప్టరునుకూడా అనుమానించాలి. మల్టీమీటరు పెడితే వట్టిగా వున్నప్పుడు 24 వోల్టులు చక్కగా చూపిస్తుంది, పంపు తగిలించగానే జారిపోతుంది. భారం మోస్తున్నప్పుడు కొలిచిందే నిజమైన కొలత. మార్చవలసివస్తే వోల్టులు సరిగ్గా అంతే వుండాలి, ఆంపియర్లు అంతేగాని ఎక్కువగాని వుండవచ్చు, ముల్లు ధన ఋణాలు తారుమారు కాకూడదు.

ఈ సందర్భంలోనే రాజమండ్రి పాఠకులొకరికికూడా జవాబు. మామూలు ఏ.సి. పంపుకు ఫ్యాను రెగ్యులేటరు తగిలించి వేగం తగ్గించవచ్చునా అని అడిగారు. ఈ చిన్న అక్వేరియం పంపుల మోటారు కరెంటు లయకు కట్టుబడి తిరుగుతుంది. మన 50 సైకిళ్ళ కరెంటుకు రెండు ధ్రువాల మోటారు నిమిషానికి 3,000 చుట్లు, తగ్గదు, పెరగదు. వోల్టేజి తగ్గిస్తే నెమ్మదించదు, బలం చాలక లయ తప్పి గడగడలాడి నిలిచిపోతుంది. ప్రవాహం తగ్గాలంటే పంపు తరువాత గొట్టానికి కుళాయి పెట్టి కాస్త బిగించుకోండి.

విశాఖవారు ఇన్వర్టరు గురించికూడా అడిగారు. కరెంటు పోయినప్పుడు పై తొట్టిలో నీటిని అలల్లా కదిపే చిన్న పంపు ఏదైనా వుంటే, ఇన్వర్టరును దానికే ఇవ్వండి. అది నీటిని ఎత్తనక్కరలేదు గనుక ఎంత నెమ్మదిగా తిరిగినా పైపొరను కదుపుతుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. కిందినుంచి ఎత్తే పంపును ఆపేసినా ఫరవాలేదు. కాని చాలా గంటలు ఆగివుంటే, తిరిగి నడిపేముందు గొట్టంలో నిలవ వున్న నీటిని వాసన చూడండి. కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడితే ఆ నీటిని బకెట్టులోకి వదిలి పారబొయ్యండి. అది తొట్టిలోకి వెళ్ళిందంటే ఇంతసేపూ కాపాడిన చేపలు దక్కవు.

ఇవన్నీ చేసినా పంపు కుదుపు దగ్గరే ఆగితే, అప్పుడు మోటారును కొలవాలి. మోటారునుంచి వచ్చే మూడు తీగెలను డబ్బానుంచి విప్పి, రెండేసి చొప్పున మల్టీమీటరుతో నిరోధం చూడండి. మూడు కొలతలూ ఒకటే రావాలి. ఒకటి తేడాగా వచ్చినా, ముల్లు అసలు కదలకపోయినా తీగచుట్ట పోయింది, షాపువారి మాటే నిజం. మూడూ సమానంగా వస్తే చుట్టలు బాగానే వున్నాయి, చెడ్డది డబ్బా. కొనవలసింది అదొక్కటే. ఆ మూడు అంకెలూ కాగితంమీద రాసుకుని షాపుకు తీసుకువెళ్ళండి.